గోథ్‌లు ఎక్కడివారు? ఒక వలస కథ, దాని సాక్ష్యాలు

క్రీ.శ. 410 ఆగస్టు 24న రోమ్ నగరంలోకి చొరబడి మూడు రోజుల పాటు దోచుకున్న అలారిక్ సేన గోథ్‌లదని చరిత్ర పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ గోథ్‌లు ఎక్కడ పుట్టారు, ఏ దారిన వచ్చారు అనేసరికి మాత్రం పండితులు రెండు పక్షాలుగా విడిపోతారు. వాళ్ళ మూలం స్కాండినేవియా అనీ, అక్కడి నుంచి బాల్టిక్ సముద్రం దాటి పోలండ్, పోలండ్ నుంచి నల్లసముద్రం, అక్కడి నుంచి ఇటలీ, స్పెయిన్ దాకా ఒకే జనం నడుచుకుంటూ వచ్చిందనీ ఒక పక్షం వాదన. ఉత్తరాది కథంతా తర్వాతి కాలపు కల్పన అనీ, గోథ్‌లు రోమ్ సరిహద్దులో, రోమ్ ఒత్తిడి వల్లనే మూడో శతాబ్దంలో ఒక జనంగా తయారయ్యారనీ రెండో పక్షం వాదన. పైకి బద్ధవిరోధుల్లా కనిపించినా ఈ ఇద్దరూ ఒక విషయంలో ఏకాభిప్రాయంతోనే ఉన్నారు. ఒక జాతికి ఒకే పుట్టుక ఉంటుందని ఇద్దరూ నమ్ముతున్నారు. తగవంతా ఈ నమ్మకం వల్ల వచ్చిందే. గోథ్ అనే పేరుకు ఒక చరిత్ర ఉంది, గోథిక్ భాషకు మరొకటి, ఆ భాష మాట్లాడినవారి రక్తసంబంధాలకు ఇంకొకటి, గోథ్‌లమని చెప్పుకుని కలిసి యుద్ధం చేసిన రాజకీయ సమూహానికి వేరొకటి. ఈ నాలుగూ కొంత దూరం కలిసి నడిచాయి, కొన్నిచోట్ల విడిపోయాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి మనుషులు తరలివచ్చిన మాట నిజం. బయలుదేరిన జనమే గమ్యం చేరిందన్న మాట నిజం కాదు. గ్రంథాలు, సమాధులు, భాష, డీఎన్‌ఏ అన్నింటినీ కలిపి చూస్తే ఈ నిర్ణయానికే రావలసి ఉంటుంది.

స్కాండినేవియా కథకు మూలం ఒకే ఒక్క పుస్తకం. క్రీ.శ. 551 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో జోర్డానెస్ అనే రచయిత లాటిన్‌లో రాసిన 'గెటికా'. ఉత్తర సముద్రంలోని స్కాంజా అనే దీవి నుంచి బెరిగ్ అనే రాజు మూడు ఓడల్లో తన జనాన్ని తీసుకొచ్చి గోథిస్కాంజా అనే తీరంలో దిగాడని, వెనకబడిన మూడో ఓడలోని వారే గెపిడ్ తెగ అయ్యారని అందులో ఉంది. తర్వాత ఫిలిమెర్ అనే రాజు కాలంలో జనాభా పెరిగి సిథియాలోని ఓయుమ్ అనే సారవంతమైన నేలకు తరలివెళ్ళారని, దారిలో వంతెన కూలి సగం మంది ఇవతలే ఉండిపోయారని కూడా ఉంది. ఆసక్తిగా చదివించే కథే. కానీ పుస్తకం పుట్టిన తీరు చూస్తే నమ్మకం సడలుతుంది. జోర్డానెస్ తన ముందు మాటలోనే, కాసియొడోరస్ రాసిన పన్నెండు భాగాల గోథ్ చరిత్ర తనకు మూడు రోజులు మాత్రమే చదవడానికి దొరికిందని, జ్ఞాపకం ఉన్నంత వరకు కుదించి రాస్తున్నానని చెప్పుకున్నాడు. ఆ మూలగ్రంథం ఇప్పుడు లేదు. కాసియొడోరస్ ఇటలీని ఏలిన గోథ్ రాజు థియోడొరిక్ కొలువులో పెద్ద అధికారి. రాజవంశానికి పదిహేడు తరాల వంశవృక్షం కూర్చిపెట్టానని, గోథ్‌ల పుట్టుకను రోమన్ చరిత్రలో భాగం చేశానని థియోడొరిక్ తర్వాత వచ్చిన రాజు పేరిట రాసిన ఉత్తరంలో అతనే ప్రకటించుకున్నాడు. రాజుకు ప్రాచీనత కావలసి వచ్చింది, కొలువులోని పండితుడు దాన్ని సమకూర్చాడు. అందుకే గెటికాలో అమెజాన్ వీరవనితలు గోథ్ స్త్రీలయ్యారు, ఈజిప్టు రాజు వెసోసిస్ గోథ్‌ల చేతిలో ఓడిపోయాడు, డాన్యూబ్ తీరపు గెటే అనే పాత తెగ చరిత్ర మొత్తం పేరు పోలికతో గోథ్‌ల ఖాతాలో పడింది. స్కాంజా వదిలినప్పటి నుంచి ఇటలీలో గోథ్ రాజ్యం పడిపోయే దాకా 2030 ఏళ్ళని జోర్డానెస్ లెక్క. అంటే వలస దాదాపు క్రీ.పూ. 1490లో జరిగి ఉండాలి. ఈ లెక్కను ఈనాడు ఏ చరిత్రకారుడూ ఒప్పుకోడు.

జోర్డానెస్‌ను పూర్తిగా కొట్టిపారేసేవారిలో వాల్టర్ గోఫార్ట్, ఆర్నె సోబీ క్రిస్టెన్సెన్ ముఖ్యులు. 2002లో వెలువడిన తన గ్రంథంలో క్రిస్టెన్సెన్, గెటికాలోని తొలి భాగంలో అసలైన గోథిక్ జ్ఞాపకం అంటూ ఏదీ లేదని, ఉన్నదంతా గ్రీకు, లాటిన్ పుస్తకాల నుంచి అల్లినదేనని తేల్చాడు. దీనికి అడ్డం పడే సాక్ష్యం ఒకటి తర్వాత బయటపడింది. వియన్నాలోని జాతీయ గ్రంథాలయంలో ఒక పాత తోలు ప్రతి ఉంది. కింది రాత చెరిపేసి దాని మీదే వేరే గ్రంథం రాసుకున్న ప్రతి అది. ప్రత్యేక కాంతిలో ఫోటోలు తీసి ఆ చెరిపిన గ్రీకు రాతను చదివితే, మూడో శతాబ్దపు ఏథెన్స్ చరిత్రకారుడు డెక్సిప్పస్ రాసినట్టు భావిస్తున్న పుటలు దొరికాయి. 2014లో ప్రచురించిన ఆ భాగాల్లో ఆస్ట్రోగోథా అనే నాయకుడి పేరు కనిపించింది. అంతకు ముందు ఆ పేరు జోర్డానెస్ పుస్తకంలోనే ప్రముఖంగా కనిపించేది కాబట్టి, వంశవృక్షం కోసం పుట్టించిన పురాణపురుషుడని చాలామంది అనుకున్నారు. అతను నిజంగా ఉన్నట్టు తేలింది. ఇంత మాత్రాన బెరిగ్, మూడు ఓడలు కూడా నిజమవుతాయా? కావు. ఆస్ట్రోగోథా మూడో శతాబ్దం మధ్యలో రోమ్‌తో యుద్ధం చేసినవాడు. అతని పేరు సమకాలికుడైన గ్రీకు రచయిత పుస్తకంలో నమోదైంది, ఆ పుస్తకాల మీదుగానే కాసియొడోరస్‌ను చేరి ఉండవచ్చు. రాత లేని రోజుల నాటి బెరిగ్ జ్ఞాపకం ఏ పుస్తకం ఆసరా లేకుండా ఐదారు శతాబ్దాలు నిలిచిందనడానికి ఈ ఉదాహరణ ఉపకరించదు. జోర్డానెస్ మూడో శతాబ్దం గురించి చెప్పినదాన్ని జాగ్రత్తగా వాడుకోవచ్చు. అంతకు వెనక్కి వెళ్ళేకొద్దీ అతని మాటకు వేరే రుజువు దొరికితే తప్ప విలువ లేదు.

ఆ వేరే రుజువు మొదట రోమన్ రచయితల దగ్గరే దొరుకుతుంది. ఒకటో శతాబ్దంలో పెద్ద ప్లినీ గుటోన్ అనే తెగను పేర్కొన్నాడు. క్రీ.శ. 98 నాటి 'జర్మానియా'లో టాసిటస్ గోటోన్‌ల గుండ్రటి డాళ్ళు, పొట్టి కత్తులు, రాజుల పట్ల వాళ్ళ విధేయత గురించి రాశాడు. క్రీ.శ. 19 ప్రాంతంలో మార్కొమన్ని రాజు మరొబోడూస్‌ను పడగొట్టిన కటువాల్డా అంతకు ముందు గోటోన్‌ల దగ్గర ప్రవాసంలో ఉన్నాడని కూడా టాసిటస్ మరో గ్రంథంలో చెప్పాడు. రెండో శతాబ్దం మధ్యలో టాలమీ ఇదే పోలిక ఉన్న పేరును విస్తులా నదికి తూర్పున పెట్టాడు. అంటే క్రీస్తు శకం తొలి దశాబ్దాలకే, నేటి ఉత్తర పోలండ్‌లో, రాజులున్న ఒక గోటోన్ తెగ స్థిరపడి ఉంది. దీనిలో అనుమానపడవలసింది లేదు. టాలమీ స్కాండినేవియాలో కూడా గౌటై అనే తెగను చూపించాడు. నేటి స్వీడన్‌లోని గోటలాండ్, గోట్‌లాండ్ దీవి పేర్లు దానికి దగ్గరగా ఉంటాయి. అయితే పేరు పోలిక ఒక్కదానితో ఎంత దూరం వెళ్ళకూడదో మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. శాతవాహనుల కాలపు జున్నార్ బౌద్ధ గుహల్లో, నీటి తొట్లు దానం చేసిన ఇరిల అనే యవనుడి శాసనంలో 'గత' అన్న మాట వస్తుంది. 1912లో స్టెన్ కోనో అనే నార్వే పండితుడు దీన్ని పట్టుకుని ఆ దాతలు గోథ్‌లని ప్రతిపాదించాడు. దక్కన్‌లో గోథ్‌లు ఉన్నారనడానికి అంతకు మించి చిన్న ఆధారం కూడా లేదు. స్వీడన్ ఊళ్ళ పేర్లు కూడా అంతే, వాటంతట అవి ఒక సూచన ఇస్తాయి, నిర్ధారణ చేయవు.

ఇక మట్టిలో దొరికిన సాక్ష్యం. ఉత్తర పోలండ్‌లోని మాల్బోర్క్ పట్టణం అంచున వీల్‌బార్క్ అనే చోట పందొమ్మిదో శతాబ్దంలో ఒక పెద్ద ప్రాచీన శ్మశానం బయటపడింది. విస్తులా దిగువ ప్రాంతంలో క్రీ.శ. ఒకటో శతాబ్దంలో మొదలైన ఒక జీవన విధానానికి పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరే పెట్టారు. ఈ సమాధులకు కొన్ని ప్రత్యేకతలున్నాయి. ఒకే శ్మశానంలో కొందరిని పూడ్చారు, కొందరిని కాల్చి ఎముకలు పాతారు. పురుషుల సమాధుల్లో ఆయుధాలు పెట్టలేదు. పక్కనే దక్షిణాన ఉన్న ప్షెవోర్స్క్ సంస్కృతిలో కత్తి, బల్లెం, డాలు లేకుండా యోధుణ్ణి సాగనంపేవారు కాదు, ఇక్కడ ఇనుప వస్తువే అరుదు. స్త్రీల సమాధుల్లో రెండు భుజాల దగ్గర జత పిన్నులు, పాము తల ఆకారంతో ముగిసే వెండి, కంచు కంకణాలు, ఎస్ ఆకారపు కొక్కేలు, పూసల దండలు ఉంటాయి. చావు పట్ల, వేషధారణ పట్ల స్పష్టమైన అలవాట్లున్న సమాజం ఇది. ఓడ్రీ, వెన్‌షోరీ లాంటి కొన్ని చోట్ల సమాధుల మధ్య రాళ్ళను నిలబెట్టి వలయాలుగా అమర్చారు. అలాంటివి స్కాండినేవియాలో ఉన్నాయి కాబట్టి వలసకు ఇదే రుజువని చాలాకాలం చెప్పుకున్నారు. కానీ ఆ వలయాలు వీల్‌బార్క్ ప్రాంతమంతటా లేవు, పొమెరేనియాలోని కొద్దిపాటి శ్మశానాలకే పరిమితం. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. చాలా శ్మశానాల్లో అంతకు ముందున్న ఓక్సివియె సంస్కృతి వాళ్ళ సమాధుల పక్కనే, మధ్యలో తెగకుండా వీల్‌బార్క్ సమాధులు మొదలవుతాయి. కొత్త జనం వచ్చి పాతవాళ్ళను తరిమేస్తే శ్మశానం ఇలా కొనసాగదు. 1970లో రోల్ఫ్ హాఖ్‌మన్ ఈ కారణాలన్నీ చూపించి స్కాండినేవియా మూలాన్ని తిరస్కరించాడు.

ఈ తిరస్కారం వెనక శాస్త్రంతో పాటు ఒక చేదు అనుభవం కూడా ఉంది. గోథ్‌ల మూలం మీద రాజకీయం ఆరు వందల ఏళ్ళ నాటిదే. 1434లో బాసెల్ క్రైస్తవ మహాసభలో స్వీడన్ బిషప్ నికొలాస్ రాగ్వాల్డి, రోమ్‌ను జయించిన గోథ్‌లు మా దేశం నుంచే వెళ్ళారు కాబట్టి మా రాజుకు ముందు వరుస ఆసనం కావాలని వాదించాడు. వీరులు బయటికి వెళ్ళారు, పిరికివాళ్ళు ఇంట్లో ఉండిపోయారు అని స్పెయిన్ ప్రతినిధులు బదులిచ్చారు. స్వీడన్ రాజు బిరుదుల్లో గోథ్‌ల రాజు అన్న మాట 1973 దాకా ఉంది. ఇంతవరకు పెద్దగా నష్టం లేదు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో గుస్తాఫ్ కొసిన్నా అనే జర్మన్ పండితుడు, ఎక్కడ ఒక రకం వస్తువుల సంస్కృతి కనిపిస్తే అక్కడ ఒక జాతి ఉన్నట్టేనన్న సూత్రం ప్రచారం చేశాడు. కుండ పెంకులు పటం మీద గుర్తించి జర్మన్ జాతి హద్దులు గీశారు. 1939లో పోలండ్‌ను ఆక్రమించిన నాజీలు గ్డీనియా రేవుకు గోటెన్‌హాఫెన్, అంటే గోథ్‌ల రేవు, అని పేరు మార్చి అక్కడి పోలిష్ కుటుంబాలను వెళ్ళగొట్టారు. రెండు వేల ఏళ్ళ నాటి శ్మశానం బతికున్నవాళ్ళను ఇళ్ళ నుంచి గెంటేయడానికి సాకు అయింది. యుద్ధం తర్వాతి తరం పురావస్తు శాస్త్రజ్ఞులు వలస అన్న మాటనే అనుమానంగా చూశారంటే అర్థం చేసుకోవచ్చు. అయితే దుర్వినియోగమైనంత మాత్రాన ఒక ప్రతిపాదన అబద్ధమైపోదు. కొసిన్నా సూత్రం తప్పు అని చెప్పడానికి హాఖ్‌మన్ చూపిన కారణాలు చాలు. మనుషులు తరలిరాలేదని చెప్పడానికి అవి చాలవు.

రెండో శతాబ్దం రెండో సగంలో వీల్‌బార్క్ అలవాట్లు ఆగ్నేయ దిశగా జరగడం మొదలైంది. మజోవియా, పొడ్లాసియె మీదుగా నేటి ఉక్రెయిన్‌లోని వొలీనియా దాకా ఆ సమాధులు వ్యాపించాయి. అదే సమయంలో పొమెరేనియాలోని కొన్ని ప్రాంతాల్లో పాత శ్మశానాల వాడకం ఆగిపోయింది. క్రీ.శ. 166 నుంచి 180 వరకు డాన్యూబ్ మీద సాగిన మార్కొమన్ని యుద్ధాలకు ఈ ఉత్తరాది కదలికతో సంబంధం ఉందని చాలామంది భావిస్తారు. మూడో శతాబ్దంలో డాన్యూబ్ ముఖద్వారం నుంచి దొనెట్స్ నది దాకా చెర్న్యాఖొవ్ సంస్కృతి అని పిలిచే కొత్త జీవన విధానం ఏర్పడింది. సరిగ్గా అప్పుడే, క్రీ.శ. 238లో, నల్లసముద్ర తీరపు హిస్ట్రియా పట్టణం మీద గోథ్‌ల దాడితో వాళ్ళు రోమన్ చరిత్రలోకి ప్రవేశించారు. 251లో అబ్రిట్టస్ దగ్గర, అంటే నేటి బల్గేరియాలో, గోథ్ నాయకుడు క్నివా సేన డెసియస్ చక్రవర్తిని చంపింది. చెర్న్యాఖొవ్ శ్మశానాల్లోనూ పూడ్చడం, కాల్చడం పక్కపక్కనే ఉన్నాయి, ఆయుధాలు పెట్టకపోవడం మామూలు, స్త్రీలకు భుజాల మీద జత పిన్నులు ఉన్నాయి. కానీ చక్రం మీద చేసిన బూడిద రంగు కుండలు వీల్‌బార్క్ నుంచి రాలేదు, అవి రోమన్ సరిహద్దు పనితనం. కొన్ని ఇళ్ళ తీరు, సమాధి గుంటల తీరు స్టెప్పీ సంచారులైన సర్మేషియన్లవి. మైకెల్ కులికౌస్కీ 2007 నాటి తన పుస్తకంలో అభ్యంతరం ఇక్కడే లేవదీశాడు. ఉత్తరాది వస్తువులు కొన్ని కనిపించగానే వలస అంటున్నాం, అలా అనడానికి కారణం జోర్డానెస్ కథ ముందే మన బుర్రలో ఉండటం, ఆ కథ లేకపోతే ఈ వస్తువుల నుంచి ఎవరూ వలసను ఊహించరు అని అతని వాదన. ఇది గట్టి వాదన. వస్తువులు వ్యాపారంలో చేతులు మారతాయి, ఫ్యాషన్ పొరుగూళ్ళకు పాకుతుంది.

కులికౌస్కీకి జవాబు వస్తువుల్లో వెతకనక్కర్లేదు, భాషలో ఉంది. నాలుగో శతాబ్దంలో బిషప్ ఉల్ఫిలా గోథ్‌ల కోసం లిపి కూర్చి బైబిల్‌ను అనువదించాడు. ఆరో శతాబ్దం తొలి నాళ్ళలో ఇటలీలో తయారైన దాని అపురూపమైన ప్రతి ఒకటి ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో ఉంది. ఊదా రంగు వేసిన పలుచని తోలు మీద వెండి సిరాతో, కొన్ని వరుసలు బంగారు సిరాతో రాసిన 187 పత్రాలవి. మొత్తం 336 ఉండేవి. విడిపోయిన పత్రం ఒకటి 1970లో జర్మనీలోని ష్పేయర్ చర్చిలో దొరికింది. ఈ పత్రాల్లోని భాష నిస్సందేహంగా జర్మానిక్ భాష. నల్లసముద్రపు ఉత్తర తీరంలో అంతకు ముందున్న డాసియన్, సర్మేషియన్, గ్రీకు భాషలకు అది సంతానం కాదు. కుండ చేతులు మారినట్టు భాష చేతులు మారదు. ఒక విశాల ప్రాంతంలో పొలం పని నుంచి ప్రార్థన దాకా అన్నీ ఒక కొత్త భాషలో జరుగుతున్నాయంటే, ఆ భాషలో పిల్లల్ని పెంచిన తల్లులు గణనీయమైన సంఖ్యలో అక్కడికి వచ్చి ఉండాలి. కొద్దిమంది యోధులు దూరం నుంచి వచ్చి స్థానిక స్త్రీలను పెళ్ళాడి స్థిరపడితే రెండు మూడు తరాల్లో వాళ్ళ భాష పోతుంది. తర్వాత రష్యాను ఏలిన వైకింగుల విషయంలో అదే జరిగింది, కొన్ని తరాలకే వాళ్ళు స్లావ్ భాషలోకి మారిపోయారు. గోథ్‌లు తమ భాషను నిలుపుకున్నారు, దాన్ని మిగతావాళ్ళకు నేర్పారు కూడా. అదే భాషను గ్రంథస్థం చేసిన ఉల్ఫిలా పూర్వీకులు గోథ్‌లు కారు. మూడో శతాబ్దపు దాడుల్లో కపడోసియా, అంటే నేటి టర్కీ మధ్య భాగం, నుంచి చెరపట్టి తెచ్చిన క్రైస్తవులని ఫిలోస్టోర్జియస్ రాశాడు. చెరలో వచ్చిన కుటుంబం కొన్ని తరాల్లో గోథ్ అయి, గోథిక్ భాషకే ఆదిగ్రంథకర్తను ఇచ్చింది. వలస పక్షంవాళ్ళు, సరిహద్దు పక్షంవాళ్ళు ఇద్దరూ ఈ ఒక్క మనిషి జీవితాన్ని నిదానంగా చూడాలని నా మనవి. భాష ఉత్తరం నుంచి వచ్చింది, మాట్లాడే మనిషి తాతలు దక్షిణం నుంచి వచ్చారు.

గత కొన్నేళ్ళలో డీఎన్‌ఏ పరీక్షలు ఈ చర్చను మలుపు తిప్పాయి. పోలండ్‌లోని కొవాలెవ్కో, మస్వొమెంచ్ శ్మశానాల ఎముకల మీద పోజ్నాన్ పరిశోధకుల బృందం 2018 నుంచి వరసగా ఫలితాలు ప్రచురించింది. 2023లో వెలువడిన వారి పెద్ద అధ్యయనం ప్రకారం వీల్‌బార్క్ జనం జన్యుపరంగా నాటి ఉత్తర యూరప్ వాళ్ళకు, ముఖ్యంగా స్కాండినేవియా వాళ్ళకు, బాగా దగ్గరివారు. స్కాండినేవియాలో ఎక్కువగా కనిపించే ఐ1 అనే తండ్రి తరపు గుర్తు అక్కడి పురుషుల్లో విరివిగా ఉంది. 2025 జనవరిలో 'నేచర్' పత్రికలో వచ్చిన మరో అధ్యయనం ఇంకా సూక్ష్మమైన పద్ధతితో లెక్క కట్టి, క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో స్కాండినేవియా సంబంధం ఉన్న వంశధార మధ్య యూరప్‌లోకి, వీల్‌బార్క్ జనంతో సహా, వ్యాపించిందని తేల్చింది. హాఖ్‌మన్ తిరస్కారం ఈ సాక్ష్యం ముందు నిలవదు, ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. అయితే జోర్డానెస్ గెలిచాడని పత్రికలు రాసిన తీరు కూడా తప్పే. దీనికి కారణం చితిలోనే ఉంది. కాలిన ఎముకల నుంచి డీఎన్‌ఏ సాధారణంగా రాదు. వీల్‌బార్క్ సమాజంలో పూడ్చినవారి వంశం మాత్రమే మనకు తెలుస్తోంది, అవే శ్మశానాల్లో కాల్చినవారు ఎవరో తెలియదు. అంతకు ముందు అక్కడే ఉన్న ఓక్సివియె జనం, పొరుగునున్న ప్షెవోర్స్క్ జనం చనిపోయినవారిని కాల్చేవారు. కాబట్టి కొత్తవారికి, పాతవారికి తేడా ఎంతో కొలిచే కొలబద్దే మన చేతిలో లేదు. పూడ్చడమే కొత్తవాళ్ళ ఆచారమైతే, మన నమూనా కొత్తవాళ్ళ వైపు మొగ్గి ఉండటంలో ఆశ్చర్యం లేదు. పైగా ఈ పరీక్షలు దక్షిణ స్కాండినేవియా వైపు చూపిస్తాయే తప్ప స్వీడన్‌లోని ఫలానా గోటలాండ్ అని వేలు పెట్టి చూపించవు. ఒక రాజు, మూడు ఓడలు, ఒక రోజు అన్న కథను అవి ఎంతమాత్రం సమర్థించవు. చిన్న చిన్న గుంపులు కొన్ని తరాల పాటు సముద్రం దాటి వచ్చి, స్థానికుల శ్మశానాల్లోనే తమవారిని పూడ్చుకుంటూ, వారితో వియ్యమందుకుంటూ కలిసిపోయారంటే మట్టి చెప్పేదీ, జన్యువులు చెప్పేదీ ఒకదానికొకటి సరిపోతాయి. గోటోన్ పేరు సముద్రం దాటి వచ్చిందా, ఇక్కడివారిదే వచ్చినవారికి అంటిందా అన్నది ఈ ఆధారాలతో తేలదు.

అలా తయారైన జనంలో ఎంతమంది నల్లసముద్రం దాకా వెళ్ళారన్నది తర్వాతి ప్రశ్న. 1961లో రైన్‌హార్డ్ వెన్‌స్కుస్, ఆయన తర్వాత హెర్విగ్ వోల్ఫ్‌రామ్ దీనికి ఒక తెలివైన పరిష్కారం చెప్పారు. పాత పేరును, వంశగాథలను మోసుకెళ్ళే చిన్న రాజకుటుంబ బృందం ఒకటి నడిచిందని, దారిలో దొరికినవాళ్ళంతా ఆ పేరు కింద చేరారని వాళ్ళ సిద్ధాంతం. పీటర్ హీథర్ దీన్ని ఒప్పుకోలేదు. ఆయుధం పట్టగల స్వతంత్ర కుటుంబాలు పెద్ద సంఖ్యలో, భార్యాపిల్లలతో సహా కదిలాయని, గోథ్ అనే గుర్తింపు రాజవంశాల సొత్తు కాదని, ఆ విశాల వర్గానిదని ఆయన అంటాడు. ఈ విషయంలో నేను హీథర్ పక్షం. భాష గురించి పైన చెప్పింది అందుకు మొదటి కారణం. స్త్రీల వేషధారణ విస్తులా నుంచి డ్నీపర్ దాకా వచ్చిందన్నది రెండో కారణం. రాజవంశాలు మధ్యలో తెగిపోయినా గోథ్‌లు గోథ్‌లుగానే ఉన్నారన్నది మూడోది. హూణుల ధాటికి గోథ్‌లలో ఒక శాఖ అయిన గ్రూథుంగి రాజు ఎర్మనారిక్ ఆత్మహత్య చేసుకున్న తర్వాత కూడా అతని జనం పూర్తిగా చెదిరిపోలేదు. ఒక చిన్న బృందం కథల మీద మాత్రమే ఈ గుర్తింపు నిలబడి ఉంటే అంత దెబ్బకు మిగిలేది కాదు.

కానీ హీథర్ వాదనను చివరి దాకా తీసుకెళ్ళి, క్నివా గోథ్‌లే అలారిక్ గోథ్‌లని, వాళ్ళే స్పెయిన్ విసిగోథ్‌లని అంటే అక్కడ ఆగాలి. నాలుగో శతాబ్దంలో విసిగోథ్ అనే జనమే లేదు. అప్పటి రోమన్ రచనల్లో కనిపించేవి థెర్వింగి, గ్రూథుంగి అనే వేరు పేర్లు. థెర్వింగి ప్రస్తావన మొదట 291లో వస్తుంది. 376లో హూణుల నుంచి తప్పించుకోవడానికి వీళ్ళలో కొందరు డాన్యూబ్ దాటి రోమన్ సామ్రాజ్యంలో ఆశ్రయం అడిగారు. ఆశ్రయం ఇచ్చిన అధికారులు ఆకలితో ఉన్నవారికి కుక్క మాంసం అమ్మి బదులుగా వాళ్ళ పిల్లల్ని బానిసలుగా తీసుకున్నారని అమియానస్ మార్సెలినస్ రాశాడు. తిరుగుబాటు మొదలయ్యాక ఎవరెవరు వచ్చి చేరారో కూడా ఆయన చెప్పాడు. అంతకు ముందు అమ్ముడుపోయిన బానిసలు వచ్చారు, పన్నుల భారం మోయలేని థ్రేస్ బంగారు గనుల కార్మికులు వచ్చారు. 378 ఆగస్టు 9న ఏడ్రియానోపుల్ దగ్గర వాలెన్స్ చక్రవర్తిని ఓడించి చంపిన సేనలో స్టెప్పీ సంచారులైన అలన్‌ల గుర్రపుదళం ఉంది. ముప్పై ఏళ్ళ తర్వాత అలారిక్ రోమ్ నగరాన్ని ముట్టడించినప్పుడు నగరంలోని బానిసలు వేలాదిగా వెళ్ళి అతనితో కలిశారు. 418లో దక్షిణ ఫ్రాన్స్‌లో స్థిరపడి విసిగోథ్‌లుగా చరిత్రకెక్కిన జనం ఇలా సామ్రాజ్యం లోపల, నలభై ఏళ్ళ యుద్ధాల్లో తయారైంది. సెర్బియాలోని విమినాకియం వంటి సరిహద్దు స్థలాల ఎముకల మీద 2023లో వచ్చిన డీఎన్‌ఏ ఫలితాలు దీనికి అతికినట్టు సరిపోతాయి. మూడో శతాబ్దం మధ్య నుంచి అక్కడికి వచ్చిన కొందరిలో ఉత్తర, మధ్య యూరప్ వంశధార, స్టెప్పీ వంశధార కలిసి ఉన్నాయి. అంటే సరిహద్దు చేరేసరికే ఆ కలయిక జరిగిపోయింది.

అలాగని చేరినవాళ్ళందరూ కరిగిపోయారనుకోవడం కూడా పొరపాటే. థియోడొరిక్‌తో పాటు 489లో ఇటలీకి వచ్చినవారిలో రుగీ అనే తెగ ఉంది. వాళ్ళు గోథ్ సేనలో పోరాడారు, గోథ్ రాజును ఒప్పుకున్నారు, కానీ పెళ్ళిళ్ళు తమలో తాము మాత్రమే చేసుకుని తమ పేరు కాపాడుకున్నారని ప్రొకోపియస్ చెబుతాడు. 541లో వాళ్ళలోంచే ఎరారిక్ అనేవాడు కొద్ది నెలలు గోథ్‌లకు రాజయ్యాడు కూడా. ఒకే జెండా కింద యాభై ఏళ్ళు ఉండి కూడా రుగీలు రుగీలుగానే మిగిలారు, ఉల్ఫిలా పూర్వీకులు మాత్రం గోథ్‌లైపోయారు. గుర్తింపు దుస్తుల్లా మార్చుకునేదని చెప్పే సిద్ధాంతకారులకు రుగీలు అడ్డు తగులుతారు. అది రక్తంలో ఉండేదని చెప్పేవారికి ఉల్ఫిలా అడ్డు తగులుతాడు. పెళ్ళి ఎవరితో చేసుకున్నారు, ఇంట్లో ఏ భాష మాట్లాడారు, యుద్ధంలో ఎవరి పక్కన నిలబడ్డారు అన్న మూడు ప్రశ్నలకు వేరువేరు సమాధానాలు ఉండగలవని ఒప్పుకుంటే ఈ చిక్కు చాలా వరకు విడిపోతుంది.

పేరు, భాష, రాజ్యం ఎలా విడిపోతాయో క్రిమియాలో చివరి ఘట్టం కనిపిస్తుంది. ఇటలీలో గోథ్ రాజ్యం 550ల్లో, స్పెయిన్‌లో 711లో అరబ్బుల దాడితో పడిపోయాయి. ఆ రెండు చోట్లా గోథిక్ మాట అంతకు ముందో, ఆ తర్వాత త్వరలోనో లాటిన్‌లో కలిసిపోయింది. రాజ్యమూ, కీర్తీ లేని క్రిమియా కొండల్లో మాత్రం అది నిలిచింది. మంగుప్ కోటలో దొరికిన రాళ్ళ మీద తొమ్మిదో శతాబ్దం నాటి గోథిక్ రాతలను 2015లో గుర్తించి ప్రచురించారు. 1560ల్లో ఇస్తాంబుల్‌లో రాయబారిగా ఉన్న బుస్‌బెక్ అక్కడికి వచ్చిన ఇద్దరు క్రిమియా మనుషుల్ని కూర్చోబెట్టుకుని ఎనభై దాకా మాటలు రాసుకున్నాడు. వారిలో గోథ్ వంశంవాడు తన భాష మరిచిపోయాడు. గోథిక్ మాటలు చెప్పినవాడు పుట్టుకతో గ్రీకువాడు.

ఇంతవరకు తేలినదాన్ని బట్టి చూస్తే స్కూలు అట్లాసుల్లో స్వీడన్ నుంచి స్పెయిన్ దాకా ఒకే రంగులో గీసే ఒకే బాణం తప్పుదోవ పట్టిస్తుంది. దాన్ని తీసేయాలి, లేదా కనీసం మూడు ముక్కలు చేయాలి. సముద్రం దాటిన తొలి ముక్క జన్యువుల సాక్ష్యంతో నిలుస్తుంది, విస్తులా నుంచి నల్లసముద్రం దాకా రెండో ముక్క భాష, సమాధుల సాక్ష్యంతో నిలుస్తుంది, డాన్యూబ్ నుంచి పడమటికి మూడోది రాతపూర్వక చరిత్ర. ఈ మూడింటిలో ఇంకా బలహీనంగా ఉన్నది మధ్య ముక్కే. చెర్న్యాఖొవ్ సమాధుల నుంచి ఇప్పటిదాకా చదివిన జన్యువులు పోలండ్ నమూనాలతో పోలిస్తే చాలా తక్కువ. ఆ సమాధుల్లో అధిక భాగం ఉక్రెయిన్ నేలలో ఉన్నాయి. డ్నీపర్ దిగువన ఉన్న ఖెర్సన్ ప్రాంతీయ మ్యూజియం సేకరణలను 2022 శరదృతువులో, నగరం విడిచి వెళ్ళే ముందు, రష్యా సేనలు లారీల్లో తరలించుకుపోయాయి. ఆ వస్తువులు తిరిగి రావాలి, తవ్వకాలు మళ్ళీ మొదలు కావాలి. అంతవరకు గోథ్‌ల మీద ఎవరు ఖరాఖండీగా మాట్లాడినా, ఈ మధ్య ముక్కకు ఏ ఆధారం చూపిస్తున్నారని పాఠకులు అడగాలి.